బంధువుల ఇంట్లో ఉండిపోయిన మన సామాన్లు: ఏ వస్తువుకు ఏ దారి?

ఒక ఇంట్లో కొన్నేళ్లు ఉండి విడిగా వచ్చేసేటప్పుడు అన్నీ ఒకేసారి వెంట తెచ్చుకోగలిగేవాళ్లు తక్కువ. గొడవపడి వచ్చేస్తే మరీనూ. చేతికందిన నాలుగు జతల బట్టలు బ్యాగులో కుక్కుకుని బయటపడతాం. సర్టిఫికెట్లు బీరువాలో, పుస్తకాలు అటక మీద, బంగారం ఎవరి లాకర్లోనో ఉండిపోతాయి. తర్వాత ఫోన్ చేస్తే "చూద్దాంలే" అంటారు, లేదంటే అసలు ఎత్తరు.

అప్పుడు మన ముందున్న దారులు ఇవీ: మనమే అడగడం, మధ్యలో ఒక మనిషిని పెట్టడం, రాతపూర్వకంగా నోటీసు ఇవ్వడం, పోలీసుల దగ్గరికి వెళ్లడం, కోర్టుకెక్కడం, వదిలేసి కొత్తవి కొనుక్కోవడం. చాలామంది వీటిలో ఒకదాన్ని ఆ రోజు ఎంత కోపం ఉందన్నదాన్ని బట్టి ఎంచుకుంటారు. ఏ వస్తువు కావాలన్నదాన్ని బట్టి ఎంచుకోమని నా సలహా. అదే ఇంట్లో ఉన్న మీ వస్తువులన్నిటికీ ఒకే దారి అక్కర్లేదు. పాస్‌పోర్టు కోసం పోలీసుల సాయం అడగడంలో తప్పు లేదు. పాత మంచం కోసం అదే పని చేస్తే దండగ.

ముందు కాగితాలు, ఫోన్లు

సామాన్ల జాబితా రాయండి. రాసేటప్పుడే రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇది లేకపోతే వచ్చే నెల నా పని ఏదైనా ఆగుతుందా? దీన్ని మళ్లీ సంపాదించుకోగలనా?

పని ఆగేవి సాధారణంగా కాగితాలే. వాటి విషయంలో మనం అనుకున్నంత నిస్సహాయులం కాదు. మార్కుల మెమోలకు బోర్డులు, యూనివర్సిటీలు డూప్లికేట్ ఇస్తాయి. రిజిస్టరైన దస్తావేజుకు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది. ఇండియాలో అయితే డిజిలాకర్‌లోకి నేరుగా జారీ అయిన పత్రాలు 2016 నాటి ఐటీ నిబంధనల ప్రకారం అసలు పత్రాలతో సమానం. ఈ సంగతి తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. "సర్టిఫికెట్లు నా దగ్గరున్నాయి, ఎక్కడికి పోతావో చూస్తా" అనే మనిషికి మీ మీద ఉన్న పట్టు కూడా సడలుతుంది.

పాస్‌పోర్టు సంగతి వేరు. 1967 నాటి పాస్‌పోర్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం అది ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వ ఆస్తే. మీ పేరున జారీ అయిన పాస్‌పోర్టును దాచిపెట్టే హక్కు ఏ బంధువుకీ లేదు. అయితే ఫలానా వాళ్ల దగ్గర ఉందని తెలిసి కూడా "పోయింది" అని రాసి కొత్తదానికి దరఖాస్తు పెట్టకండి. అది తప్పుడు ప్రకటన అవుతుంది. ఉన్నది ఉన్నట్టు రాసి ఫిర్యాదు ఇచ్చి, ఆ కాగితంతో పాస్‌పోర్టు ఆఫీసుకు వెళ్లండి.

ఫోను, ల్యాప్‌టాప్ అక్కడే ఉండిపోతే వాటిని తెచ్చుకునే దాకా ఆగకుండా ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. సిమ్ బ్లాక్ చేయించి అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకోండి, ఎందుకంటే బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. తర్వాత మెయిల్ పాస్‌వర్డ్ మార్చి అన్ని డివైస్‌ల నుంచి లాగౌట్ కొట్టండి. ఏటీఎం కార్డు బ్లాక్ చేయించండి. చెక్కుబుక్కు ఉంటే బ్యాంకుకు రాసి ఆ చెక్కులు ఆపించండి. ఇందులో ఎవరి మీదా అనుమానం ఉండక్కర్లేదు, ఎవరికీ చెప్పనూ అక్కర్లేదు.

ఇక మళ్లీ సంపాదించుకోలేనివి: అమ్మ చీర, నాన్న చేతిరాత ఉన్న డైరీ, చిన్నప్పటి ఆల్బమ్. అసలు పట్టుదలంతా వీటి దగ్గరే వస్తుంది, రావడం న్యాయం కూడా. ఆల్బమ్ లాంటిది మాత్రం తరచూ ఇద్దరిదీ అయి ఉంటుంది. మీ అన్నయ్య దగ్గరున్న ఫొటోల్లో ఆయన బాల్యం కూడా ఉంది. అలాంటప్పుడు "ఇచ్చెయ్" అనే బదులు "రెండ్రోజులు ఇస్తే స్కాన్ చేయించి ఇద్దరికీ కాపీలు పెడతాను" అంటే ఒప్పుకోవడం తేలిక.

జాబితాలో పెట్టేముందు అది మీదేనా అన్నది కూడా నిజాయితీగా చూసుకోవాలి. మీకు కానుకగా ఇచ్చి మీ చేతిలో పెట్టింది మీదే. తర్వాత మనసు మారిందని వెనక్కి తీసుకునే వీలు సాధారణంగా ఉండదు. మీరు వాడుకున్నంత మాత్రాన ఆ ఇంటి ఫ్రిజ్ మీదవదు. సగం డబ్బు మీరు పెట్టినవి ఉంటే వాటిని వేరే లెక్కగా పెట్టండి, ఈ జాబితాలో కలపకండి. బిల్లులు, ఫోన్ పెట్టె మీది ఐఎంఈఐ నంబరు, నగలు వేసుకుని దిగిన పాత ఫొటోలు, ఆన్‌లైన్ ఆర్డర్ల రికార్డు, ఏది దొరికితే అది ఒక ఫోల్డర్‌లో వేసుకోండి.

మీరే అడగడం

అవతలివాళ్లు మొండికేయలేదు, బద్ధకిస్తున్నారు లేదా మొహమాటపడుతున్నారు అనిపిస్తే ఇదే మంచి దారి. ఖర్చు లేదు, ఊరందరికీ తెలియదు. ఫోన్ చేయడం కంటే మెసేజ్ పెట్టడం మేలని నేను గట్టిగా చెబుతాను. ఫోన్లో మాట మాటా పెరిగి పాత విషయాల్లోకి వెళుతుంది. మెసేజ్ అయితే అవతలివాళ్లు చల్లబడ్డాక చదువుకుంటారు, రేపు అవసరమైతే మీరు అడిగినట్టు రుజువూ ఉంటుంది.

రాసే తీరు ఇలా ఉంటే చాలు:

"అత్తయ్యా, నా సర్టిఫికెట్ల ఫైలు (గోధుమరంగుది, మీ గదిలో బీరువా కింది అరలో ఉంది), కుట్టుమిషను, అటక మీదున్న రెండు అట్టపెట్టెల పుస్తకాలు తీసుకెళదామనుకుంటున్నాను. శనివారం సాయంత్రం గానీ ఆదివారం ఉదయం గానీ, మీకు ఏది వీలైతే అప్పుడొస్తాను. గుమ్మం దగ్గర పెట్టి ఉంచినా సరే, తీసుకుని వెళ్లిపోతాను."

ఇందులో గొడవ ప్రస్తావన లేదు. "నా సామాన్లు" అని గుండుగుత్తగా అనలేదు. ఏది ఎక్కడుందో చెప్పారు కాబట్టి "వెతకాలి, టైమ్ లేదు" అనడానికి వీల్లేదు. రెండు వీలైన రోజులు చెప్పడం వల్ల "ఇస్తారా ఇవ్వరా" అన్న ప్రశ్న "ఎప్పుడు" అన్న ప్రశ్నగా మారుతుంది. ఇంట్లో నిజంగా నిర్ణయం తీసుకునేది ఎవరో వాళ్లకే పంపండి. పెదనాన్న మాట చెల్లే ఇంట్లో పెద్దమ్మను అడిగి ఇబ్బంది పెట్టడం వల్ల పని జరగదు, ఆవిడ నలిగిపోతుంది.

గొడవైన వారంలోనే అడగకపోవడం మంచిది, కాగితాలు తప్ప. అలాగని ఏడాది ఊరుకుంటే "వద్దనుకున్నావనుకుని ఇచ్చేశాం" అనే మాట వినాల్సొస్తుంది. "ఉంచండి, తర్వాత తీసుకెళతాను" అని వెంటనే ఒక మెసేజ్ పెట్టి ఉంచితే వదిలేశారనే వాదనకు తావుండదు.

మధ్యలో ఒక మనిషి

ఎక్కువమందికి, ఎక్కువ వస్తువులకు నేను చెప్పే దారి ఇదే. మెసేజ్‌కు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నిష్ఠూరంగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఇటు మళ్లండి.

మనిషి ఎంపికలోనే అంతా ఉంది. మీకు బాగా దగ్గరివాళ్లు, మీ తరఫున కోపం వచ్చేవాళ్లు పనికిరారు. అవతలి ఇంటివాళ్లు కాదనలేని మనిషి కావాలి: ఇద్దరికీ వరసైన బాబాయి, ఆ ఇంటికి రాకపోకలున్న పెద్దావిడ, వాళ్లు గౌరవించే స్నేహితుడు. తక్కువ మాట్లాడే మనిషైతే మరీ మంచిది. మా చుట్టాల్లో ఇలాంటి పంచాయితీల్లో నేనూ కూర్చున్నాను. పని చెడేది దాదాపు ప్రతిసారీ ఒకే చోట: సామాన్ల కోసం వెళ్లిన పెద్దమనిషి రాజీ కుదర్చాలని చూస్తాడు. "ఇంతకీ ఎందుకు వెళ్లిపోయాడు? ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడదాం" అనగానే సామాన్లు పక్కకు పోయి పాత లెక్కలన్నీ బయటికొస్తాయి. అందుకే ముందే చెప్పండి: "బాబాయ్, మీరు ఈ జాబితాలో ఉన్నవి తెచ్చిపెట్టండి చాలు. మిగతా సంగతి మేం తర్వాత చూసుకుంటాం." జాబితా కాగితం మీద రాసి చేతికివ్వండి.

మీరూ వెంట వెళ్లాలా? బట్టలు, పుస్తకాలు, గిన్నెలైతే వెళ్లకపోవడమే మంచిది. బంగారం, డబ్బు, ఎలక్ట్రానిక్స్ ఉంటే వెళ్లాలి, ఎందుకంటే ఏది మీదో గుర్తుపట్టగలిగేది మీరే. వెళితే గదుల్లోకి పోకుండా హాల్లోనే నిలబడండి. ఒక్కో వస్తువూ బయటికొస్తుంటే జాబితాలో టిక్కు పెట్టండి, పెట్టె మూసేముందు లోపల కనిపించేలా ఫొటో తీయండి. నగలైతే ఒక్కొక్కటీ తెల్లగుడ్డ మీద పరిచి, ఇద్దరి ముందూ ఫొటో తీసి, కాగితం మీద "ఇచ్చాం, అందాయి" అని రెండు సంతకాలు పెట్టించుకోండి. సంతకం అడగడం అవమానంగా తీసుకుంటారేమోనని చాలామంది వెనకాడతారు. ఆ కాగితం ఇచ్చినవాళ్లకే ఎక్కువ రక్ష. రేపు "గొలుసు తక్కువొచ్చింది" అనే మాట పుట్టకుండా అది వాళ్లను కాపాడుతుంది. అలా చెప్పి అడిగితే ఎవరూ కాదనరు.

వాళ్లు లేనప్పుడు పాత తాళంచెవితో వెళ్లి తెచ్చేసుకుందామనే ఆలోచన వస్తే మానుకోండి. వస్తువు మీదే అయినా ఇల్లు వాళ్లది. అక్రమంగా చొరబడ్డారనే కేసు పడొచ్చు, ఆ ఇంట్లో కనిపించని ప్రతి వస్తువూ మీ లెక్కలో పడుతుంది.

నోటీసు

అడిగినా, పెద్దమనిషి వెళ్లినా ఇవ్వకపోతే రాతకు దిగాలి. మీరే రాసిన ఉత్తరమా, లాయర్ నోటీసా అన్నది ఇక్కడ ఎంపిక. మొదట మీ ఉత్తరమే పంపమంటాను. అందినట్టు రుజువుండే పోస్టులో పంపండి: వస్తువుల జాబితా, ఏ తేదీన ఎలా అడిగారో, ఇంకెన్ని రోజుల్లో ఇవ్వాలో. పదిహేను రోజుల గడువు సబబుగా ఉంటుంది. "కేసు పెట్టి జైల్లో వేయిస్తా" లాంటి మాటలు వద్దు. అవి మీకే ఎదురు తిరుగుతాయి.

ఈ ఉత్తరానికి చట్టంలో నిజమైన పని ఉంది. దావాలకు గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 1963లో 70వ ఆర్టికల్ ప్రకారం, నమ్మి ఒకరి దగ్గర ఉంచిన వస్తువును తిరిగి పొందడానికి దావా వేసే గడువు మూడేళ్లు. అది మీరు అడిగి, వాళ్లు నిరాకరించిన తేదీ నుంచి మొదలవుతుంది. ఉంచకుండా అన్యాయంగా తీసుకున్నదైతే, తీసుకున్న రోజు నుంచే మూడేళ్లు లెక్క. ఇంగ్లండ్‌లో ఇలాంటి దావాలకు గడువు ఆరేళ్లు. కానీ అక్కడే 1977 నాటి చట్టం ప్రకారం, మన వస్తువులు ఉంచుకున్నవాళ్లు సరైన నోటీసు ఇచ్చి, మనం తీసుకెళ్లకపోతే అమ్మేయవచ్చు, ఖర్చులు పోగా వచ్చిన డబ్బు మనకివ్వాలి. కాబట్టి వాళ్ల నుంచి "ఫలానా తేదీలోగా తీసుకెళ్లండి" అని కాగితం వస్తే పక్కన పడేయకండి.

"మా ఇంట్లో తిన్నదానికి, ఉన్నదానికి లెక్క తేల్చు, అప్పుడిస్తాం" అనే జవాబు చాలా తరచుగా వస్తుంది. బాకీ వేరు, వస్తువు వేరు. భారత కాంట్రాక్టు చట్టం 170, 171 సెక్షన్లు వస్తువును పట్టి ఉంచుకునే హక్కును ఆ వస్తువు మీద తమ నైపుణ్యంతో పనిచేసినవాళ్లకు, బ్యాంకర్ల లాంటి కొద్దిమందికి ఇస్తాయి. ముందుగా ఒప్పందం లేకుండా బంధువుకు ఆ హక్కు రాదు. నిజంగా మీరు బాకీ ఉంటే అది కట్టే విషయం వేరే కాగితం మీద రాయండి, కట్టండి కూడా. రెండూ కలిపి మాట్లాడుకుంటే రెండూ తేలవు.

లాయర్ నోటీసు బలంగా పనిచేస్తుంది, నిజమే. కానీ అది గుమ్మంలో పడ్డ రోజు నుంచి ఆ ఇంటితో మాటలు మునుపటిలా ఉండవు. పెళ్లిళ్లలో ఎదురుపడాల్సినవాళ్లైతే, బంగారం లాంటిదో, వెల కట్టలేనిదో ఉన్నప్పుడే అందాకా వెళ్లమంటాను.

పోలీసులు

ఇందులో రెండు వేరు వేరు పనులున్నాయి. ఒకటి, సామాన్లు తెచ్చుకునేటప్పుడు గొడవ కాకుండా తోడు రమ్మనడం. అమెరికాలో చాలాచోట్ల పోలీసులు ఇలా వచ్చి నిలబడతారు. శాంతిభద్రతలు చూస్తారు గానీ ఏ వస్తువు ఎవరిదో తేల్చరు. ఇండియాలోనూ స్టేషన్‌లో రాసిచ్చి అడగొచ్చు. ఆ ఇంట్లో మీ మీద ఎప్పుడైనా చెయ్యి చేసుకుని ఉంటే, బెదిరించి ఉంటే పైన చెప్పిన దారులన్నీ పక్కనపెట్టి ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. ఒంటరిగా అస్సలు వెళ్లకండి.

రెండోది ఫిర్యాదు. నమ్మి ఉంచినదాన్ని దురుద్దేశంతో సొంతం చేసుకోవడం, అమ్ముకోవడం నమ్మకద్రోహ నేరం. 2024 జులై 1 నుంచి ఇది భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కిందికి వస్తుంది, శిక్ష ఐదేళ్ల దాకా ఉండొచ్చు. ఇవ్వడానికి ఆలస్యం చేయడం మాత్రమే నేరం కాదు కాబట్టి "ఇది సివిల్ తగాదా" అని స్టేషన్‌లో పంపేయడం మామూలే. గొలుసు తాకట్టు పెట్టారనో, ల్యాప్‌టాప్ అమ్మేశారనో ఆధారం ఉంటే మాత్రం ఫిర్యాదుకు బలం ఉంటుంది.

ఈ దారిలో ముందే తెలుసుకోవాల్సిన నష్టం ఒకటుంది. కేసులో స్వాధీనం చేసుకున్న వస్తువు నేరుగా మీ చేతికి రాదు. కేసు ఆస్తిగా స్టేషన్‌లోనో కోర్టులోనో ఉంటుంది, విడిపించుకోవడానికి కోర్టు ఉత్తర్వు కావాలి. మావయ్య బీరువాలోంచి స్టేషన్ బీరువాలోకి మారిన గొలుసు కోసం మళ్లీ తిరగాలి.

స్త్రీలకు ఇంకో మంచి దారి ఉంది. 2005 నాటి గృహహింస చట్టం 19(8) సెక్షన్ కింద, స్త్రీధనాన్ని (ఆమెకు కానుకగా వచ్చిన నగలు, డబ్బు లాంటివి), ఆమెకు చెందిన ఇతర ఆస్తిని తిరిగి ఇవ్వమని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. భర్త ఇంటికే కాదు, కలిసి ఒకే ఇంట్లో ఉన్న పుట్టింటివాళ్లకూ ఈ చట్టం వర్తిస్తుంది. 2016లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆడవాళ్ల మీద కూడా దరఖాస్తు వేయవచ్చు. హింస జరిగిన ఇంటి విషయంలో ఇది మామూలు ఫిర్యాదు కంటే సూటైన దారి. 181 నంబరుకు ఫోన్ చేస్తే మొదటి అడుగు చెబుతారు.

కోర్టు, దానికి ముందు లోక్ అదాలత్

సివిల్ దావా వేయొచ్చు. నిర్దిష్ట ఉపశమన చట్టం 1963లో 8వ సెక్షన్ ఇక్కడ పనికొస్తుంది. డబ్బు పరిహారం సరిపోని వస్తువైతే, డబ్బు కాదు, ఆ వస్తువునే ఇప్పించమని అడగొచ్చు. నాన్న డైరీకి ఇది సరిపోతుంది. వాడిన వాషింగ్ మెషీన్‌కు సరిపోదు, దానికి వచ్చేది పాత సామాను వెల మాత్రమే. అమెరికా, ఇంగ్లండ్‌లలో చిన్న క్లెయిముల కోర్టులున్నాయి, లాయర్ లేకుండానే వెళ్లొచ్చు. అయితే అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో అవి డబ్బు ఇప్పిస్తాయి తప్ప వస్తువును ఇప్పించవు. కాబట్టి వేసేముందు అది కనుక్కోండి.

ఇండియాలో ఉన్నవాళ్లు దావాకు ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు తీసుకెళ్లవచ్చు, ఫీజు లేదు. అక్కడ కుదిరిన ఒప్పందం సివిల్ కోర్టు డిక్రీతో (అమలు చేయించుకోగల తీర్పుతో) సమానం, దాని మీద అప్పీలు ఉండదు. స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. 15100కు ఫోన్ చేసి అడగొచ్చు. బంధువులు కూడా కోర్టు మెట్లెక్కడం కంటే ఇక్కడికి రావడానికే మొగ్గుతారు. అయితే ఇద్దరూ ఒప్పుకుంటేనే తేలుతుంది, అదే దీని పరిమితి.

వదిలేయడం

ఇదీ ఒక ఎంపికే. మంచం, పరుపు, పాత బట్టలు, వంటసామాను లాంటివాటి కోసం రవాణా ఖర్చు, సెలవు, నిద్రపట్టని రాత్రులు కలిపి చూస్తే చాలాసార్లు కొత్తవి కొనుక్కోవడమే చవక. వదిలేయాలనుకుంటే మనసులో అనుకుని ఊరుకోకండి. "అటక మీద సామాను నాకు అక్కర్లేదు, వాడుకున్నా తీసేసినా సరే, సర్టిఫికెట్ల ఫైలు, అమ్మ చీర మాత్రం ఇప్పించండి" అని ఒక మెసేజ్ పెట్టండి. పది అడిగేవాళ్లు రెండే అడుగుతున్నారని కనిపించగానే అవతలి మనిషి మెత్తబడడం నేను చూశాను.

కొన్ని ఇచ్చి కొన్ని ఆపితే ఇచ్చినవి తీసుకోండి. "అన్నీ ఇస్తేనే తీసుకుంటా" అని వెనక్కి పంపొద్దు. ఇంటికి రాగానే పెట్టెలు విప్పి చూసుకుని ఆ సాయంత్రమే రాయండి: "ఈ వస్తువులు అందాయి, థాంక్స్. ఫైలులో ఇంటర్ మెమో లేదు, కుట్టుమిషను పెడల్ రాలేదు. అవి కనిపిస్తే బాబాయికిచ్చి పంపండి."